మొదటి నెల ఎవరిది?

(ఉమ్మడి వరంగల్ జిల్లాలో ఒక హైస్కూలు పూర్వ విద్యార్థుల సమావేశం. రిటైరైన లెక్కల మాస్టారు ఒకవైపు, ఆయన దగ్గరే చదివి ఇప్పుడు ప్రభుత్వ జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతున్న లెక్చరర్ ఇంకోవైపు. పది పాసై వచ్చిన పిల్లలకు ఇంటర్ మొదటి నెలంతా, బడి చదువుకూ కాలేజీ చదువుకూ మధ్య తేడా పూడ్చే బ్రిడ్జి కోర్సుకే ఇవ్వాలా అన్నది వాదన.)

మాస్టారు: మీరు వచ్చీ రాగానే సిలబస్ ఎత్తుకుంటారమ్మా. బడిలో బోర్డు మీద ఉన్నది ఎక్కించుకున్న పిల్లకు, నోటితో చెబుతుంటే నోట్సు రాసుకోవడం ఎట్లా వస్తుంది? ఒక్క నెల ఆగండి.

లెక్చరర్: ఆ నెలలో నా ముందు ఎవరుంటారు సార్? కొందరు గురుకులం సీటు కోసం, కొందరు బాసర ట్రిపుల్ ఐటీ లిస్టు కోసం చూస్తుంటారు. సప్లిమెంటరీ రాసినవాళ్లు ఆ రిజల్ట్ వచ్చాకే వస్తారు. అడ్మిషన్ల గడువు పెంచుతూనే పోతారు, పబ్లిక్ పరీక్షలు మాత్రం ఆగవు. అసలిది బడి చేయాల్సిన పని. ఏప్రిల్, మే ఖాళీయే కదా? ప్రైవేటు కాలేజీల పీఆర్వోలు పది పరీక్షలు కాకముందే ఇళ్ల చుట్టూ తిరిగి సీట్లు మాట్లాడుకుంటున్నారు.

మాస్టారు: ఖాళీనా? పది రాసిన మే నెలలో నువ్వెక్కడున్నావు?

లెక్చరర్: ...అమ్మతో తునికాకుకు పోయాను.

(ఇక్కడ ముందు వరుసలో నవ్వులు. ఆవిడా నవ్వింది కానీ వాదన వదల్లేదు.)

లెక్చరర్: నా రోజులు వేరు సార్. 2022-23లో ప్రభుత్వ బడుల్లో ఎనిమిదో తరగతి దాకా ఇంగ్లిష్ మీడియం వచ్చింది. ఆనాటి ఎనిమిదో తరగతి పిల్లలు 2025లో మా దగ్గరికొచ్చేశారు.

మాస్టారు: పుస్తకంలో తెలుగూ ఇంగ్లిషూ పక్కపక్కనే వేశారు. పిల్లలు ఏ పేజీ చదువుతారో నన్నడుగు! ద్రవ్యవేగం అంటే ఠక్కున చెప్పే పిల్ల, మొమెంటం అంటే తల దించుకుంటుంది. రెండూ ఒకటేనని చెప్పడానికి నిమిషం పట్టదు.

లెక్చరర్: నిమిషమే అయితే నెల ఎందుకు? నేను బోర్డు కుడివైపు గీత గీసి, ఆ రోజు పాఠంలో వచ్చే మాటలు రెండు భాషల్లో రాస్తాను. త్వరణం, యాక్సిలరేషన్. ఘర్షణ, ఫ్రిక్షన్. ఆలస్యంగా చేరిన పిల్ల పక్కవాళ్ల నోట్సు చూసి ఎక్కించుకుంటుంది. బ్రిడ్జి కోర్సు అయిపోయాక వస్తే ఆ పిల్లకు ఏం మిగులుతుంది?

మాస్టారు: సరే, మాటల దగ్గర నువ్వే గెలిచావు. మరి మనిషి సంగతి? మూడు రోజులు బడికి రాకపోతే నేను ఇంటికి కబురు పెట్టేవాణ్ని. కాలేజీలో రాలేదంటే ఆబ్సెంట్, అంతే.

లెక్చరర్: అట్లా అనకండి సార్. మా దగ్గర మొదటి పీరియడ్‌కు రాని పిల్లల్లో చాలామందికి బస్సే లేదు. వాళ్ల ఊరి బస్సు కాలేజీ బెల్లు కొట్టాకే మండల కేంద్రానికి వస్తుంది. దానికి బ్రిడ్జి కోర్సు ఏం చేస్తుంది?

మాస్టారు: ఎవరు ఏ బస్సెక్కుతారో నీకెట్లా తెలిసింది?

లెక్చరర్: ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి అడిగాను.

మాస్టారు: ఎప్పుడు?

లెక్చరర్: వాళ్లు చేరిన కొత్తలో... రోజూ కొంచెంసేపు సిలబస్ ఆపి.

మాస్టారు: ఆపి!

లెక్చరర్: వారమే సార్. నెల కాదు.