చిరిగిన స్పీకరుకు భౌగోళిక గుర్తింపు కావాలి

ఒడిశాలోని మా బరంపురం పట్టుకు భౌగోళిక గుర్తింపు ఉంది. గంజాం మొగలిపువ్వుకు ఉంది, ఆ పువ్వు నుంచి దించే తైలానికీ ఉంది. ఇదే జిల్లాలో, ఇదే గాలిలో, పట్టుకంటే మొగలి వాసనకంటే ఎక్కువ దూరం పోయే సరుకు మరొకటి ఉంది. అది మైకు సెట్టు వారి చిరిగిన లౌడ్ స్పీకరు. దానికి మాత్రం ఈనాటి వరకు ఏ గుర్తింపూ లేదు. ఈ అన్యాయాన్ని అధికారుల దృష్టికి తేవడమే ఈ వ్యాసం ఉద్దేశం. వారు చదవరని తెలుసు, వారికి తెలుగు రాదు. మా పిల్లలూ చదవరు, వారికి తెలుగు మాట వచ్చు గాని అక్షరం రాదు. కనుక మొహమాటం లేకుండా రాసే వెసులుబాటు నాకు పుష్కలంగా ఉంది.

ఈ విషయంలో నా కళ్ళు తెరిపించినవాడు మా మేనల్లుడు. నాలుగేళ్ళుగా వాడి దగ్గర ఒక గిటారు ఉంది. వేళ్ళు పెట్టే పట్లు వాడికి తెలిసినవి మూడే మూడు. నాలుగేళ్ళూ ఆ మూడింటినే తిరగేసి మరగేసి వాయించాడు. లోపం వేళ్ళలో ఉందని ఇంటిల్లిపాదికీ తెలుసు. వాడు మాత్రం లోపం పరికరాల్లో ఉందని తేల్చాడు. ఒకరోజు కొరియర్‌లో సబ్బుపెట్టె అంత లోహపు డబ్బా వచ్చింది. పైన తిప్పడానికి మూడు బిరడాలు, కింద నొక్కడానికి ఒక బొత్తాం, రెండు పక్కలా వైరు దూర్చే రంధ్రాలు.

"పెడల్" అన్నాడు మేనల్లుడు, పాలవాడికి కూడా వినబడేటట్టు.

"బాగుంది. మిగతా సైకిలు ఎప్పుడు వస్తుంది?" అని అడిగారు మా బావగారు.

గిటారుకూ స్పీకరుకూ మధ్య ఈ డబ్బాను తగిలించి, బొత్తాన్ని కాలితో తొక్కాలట. తొక్కగానే ధ్వని మారిపోతుందట. తొక్కడం అనే మాట వినగానే నాకు మా తాత గుర్తుకొచ్చాడు. ఆయన జీవితమంతా మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని పలకలు తొక్కినవాడే. ఆయన తొక్కితే పట్టు చీర దిగేది. మనవరాలి కొడుకు తరానికి వచ్చేసరికి తొక్కుడు మిగిలింది, చీర బదులు బిల్లు దిగుతోంది.

ఆ డబ్బా చరిత్ర కాస్త తెలుసుకుందామని కూర్చున్నాను. తెలుసుకున్న కొద్దీ కడుపు మండిపోయింది. 1960ల ఆరంభంలో అమెరికాలోని నాష్‌విల్‌లో మార్టీ రాబిన్స్ అనే గాయకుడి పాట రికార్డు చేస్తున్నారు. గ్రేడీ మార్టిన్ ఆరు తీగల బేస్ గిటారు వాయిస్తున్నాడు. మిక్సింగ్ బల్లలో ఒక చానల్ ట్రాన్స్‌ఫార్మరు పాడయింది. గిటారు నిప్పుల మీద పడ్డ పిల్లిలా గరగరమంది. మన ఊళ్ళో అయితే మైకు సెట్టు ఆయన నెత్తి మీద రెండు మొట్టి, ఇవ్వవలసిన డబ్బులో సగం కోసి పంపేవాళ్ళం. అక్కడి ఇంజనీరు గ్లెన్ స్నాడీ ఆ చెడును పారేయలేదు. విప్పి చూసి, పరిశోధించి, అదే గరగరను ట్రాన్సిస్టర్లతో పుట్టించే ఏర్పాటు చేశాడు. గిబ్సన్ కంపెనీ 1962లో దానికి మేస్ట్రో ఫజ్‌టోన్ అని పేరు పెట్టి అంగట్లో పెట్టింది.

మొదట్లో పెద్దగా ఎవరూ కొనలేదు. జనానికి అప్పటికింకా బుద్ధి ఉందన్నమాట. 1965లో రోలింగ్ స్టోన్స్ బృందంలోని కీత్ రిచర్డ్స్ దానితో ఒక వరుస వాయించాడు. తర్వాత అక్కడ బూరాలు పెట్టించాలని ఆయన ఆలోచన, ఇది ఊరికే గుర్తు కోసం. తక్కినవాళ్ళు ఆ గుర్తునే పాటగా విడుదల చేసేశారు. స్థలం మీద ముగ్గుతో గీసిన కొలతలు చూసి గృహప్రవేశం చేసినట్టు. పాట లోకమంతా మోగింది, ఏడాది తిరిగేలోగా దుకాణాల్లో డబ్బాలు ఖాళీ. అంతకు ఒక్క ఏడాది ముందు లండన్‌లో కింక్స్ బృందపు కుర్రవాడు డేవ్ డేవీస్ మరింత పొదుపుగా పని కానిచ్చాడు. తన చిన్న ఆంప్లిఫయరులోని స్పీకరు కాగితాన్ని బ్లేడుతో కోశాడు. పదిహేడేళ్ళ వయసు. మన ఇంట్లో ఎవరైనా ఆ పని చేస్తే చరిత్రలోకి ఎక్కరు, వీపు మీదికి ఎక్కుతాయి.

ఇప్పుడు నా అభియోగం వినండి. కోసిన స్పీకరు, చెడిన ట్రాన్స్‌ఫార్మరు వాళ్ళకు కళ అయ్యాయి. మా బరంపురంలో రెండేళ్ళకోసారి చైత్రంలో ఠాకురాణి జాతర జరుగుతుంది. నెల రోజుల పాటు నేతవారి పెద్ద ఉండే దేశీబెహరా వీధి నుంచి ఊరంతా కిక్కిరిసిపోతుంది. మొక్కుకున్నవాళ్ళు రకరకాల వేషాలు కట్టుకుని తిరుగుతారు. స్తంభానికో స్పీకరు. కిందటి జాతరలో ఒక రాత్రి నేను స్వయంగా విన్నాను. ఎర్ర చొక్కా వేసుకున్న బాబు తప్పిపోయాడని మైకులో చెప్పారు. ఒకసారి ఒడియాలో, ఒకసారి తెలుగులో. రెండూ అక్షరం పొల్లు పోకుండా ఒకేలా వినిపించాయి. అయిదు నిమిషాల్లో నలుగురు తల్లులు పరుగెత్తుకొచ్చారు. ఒకావిడ బాబు ఆవిడ చంకలోనే ఉన్నాడు.

1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రమైన నాటి నుంచి మా భాషా సమస్యకు ఇంత సమదృష్టి గల పరిష్కారాన్ని ఏ సంఘమూ సూచించలేదు. ఆ రోజు గీసిన గీతతో మాకు ధ్వని రెండు చానళ్ళుగా విడిపోయింది. సముద్రం వైపు తిరిగి నిలబడితే ఎడమ చెవికి ఒడియా, కుడి చెవికి తెలుగు. మైకు సెట్టు ఆయన ఆ రెంటినీ మళ్ళీ కలిపాడు. అందుకు మనం ఆయనకు ఇచ్చిన బిరుదులు ఇక్కడ రాయదగినవి కావు.

మేనల్లుడి సంగతికి వస్తాను. ఒక పెడల్ వచ్చిన ఇంటికి రెండోది అడ్రసు అడగకుండా వస్తుంది. ఆ గరగర పుట్టించేదే, ఫజ్ ఫేస్ అని ఒకటి వచ్చింది. 1966లో లండన్‌లో మైకు స్టాండు అడుగు చూసి ఆ ఆకారంలో చేశారట, గుండ్రంగా అట్లపెనంలా ఉంటుంది. గిటారు వీరుడు జిమీ హెండ్రిక్స్ తొక్కింది ఇలాంటిదాన్నే. రెండు బిరడాలు కళ్ళలా, కింద రాసిన పేరు నోరులా, అచ్చం నవ్వుతున్న ముఖం. ఇందులో జెర్మేనియం ట్రాన్సిస్టర్లు ఉంటాయి. వాటి గుణం ఏమిటంటే ఎండకు తాళలేవు. వేడెక్కితే లోపల కరెంటు కారిపోయి, గంభీరంగా మూలగవలసినది తుప్పర్లు తుప్పర్లుగా దగ్గుతుంది. లండన్ చలికి పుట్టిన బిడ్డను తెచ్చి మే నెల బరంపురంలో పెడితే ఏమవుతుంది? మధ్యాహ్నం మూడింటికి అది మూర్ఛపోయేది. మేనల్లుడు వైద్యం కనిపెట్టాడు. మా అక్క ఇడ్లీ పిండి కోసం ఫ్రిజ్ తలుపు తీస్తే, పెరుగు గిన్నెకూ పిండి గిన్నెకూ మధ్య నుంచి ఒక గుండ్రటి ముఖం ఆమెను చూసి నవ్వుతోంది. అక్క కేకకు ఏ పెడలూ అవసరం లేకపోయింది.

తర్వాత వా-వా వచ్చింది. ఇది కుట్టుమిషను పలకలా ముందుకూ వెనక్కూ ఊగుతుంది. 1966లో కాలిఫోర్నియాలో థామస్ ఆర్గన్ కంపెనీ ఇంజనీరు బ్రాడ్ ప్లంకెట్, ఖర్చు తగ్గించడానికి ఒక స్విచ్చి తీసేసి తిప్పుడు బిరడా పెట్టబోతే ఇది పుట్టింది. దాన్ని ఆర్గన్ వాద్యపు కాలిపలకలో బిగించి, బాకా వాయించే క్లైడ్ మెక్‌కాయ్ పేరు తగిలించి అమ్మారు. బాకా వారి కోసం పుట్టి గిటారు వారి కాలి కింద స్థిరపడింది. దాన్ని తొక్కుతూ వాయిస్తే గిటారు పసిబిడ్డలా వా... వా... అంటుంది. పక్కింటి నిజమైన పసిబిడ్డ మొదటి రోజు జవాబిచ్చింది, రెండో రోజు నుంచి పోటీ మానుకుంది.

పెట్టెలు అయిదయ్యాక వాటి వరుస మీద చర్చ మొదలయింది. ఏది ముందు, ఏది వెనుక? విస్తరి సంప్రదాయం తెలిసినవారికి ఇది పెద్ద సమస్య కాదు. ఫజ్ పప్పు లాంటిది, ముందు పడాలి. ప్రతిధ్వని పుట్టించే పెట్టె పెరుగు లాంటిది, చివరనే రావాలి. పెరుగన్నంలో పప్పు కలిపితే ఏమవుతుందో మేనల్లుడు ఒక రాత్రి పన్నెండున్నరకు వీధి మొత్తానికీ వినిపించాడు. ఇక వీటికి కరెంటు. దాదాపు అన్నీ తొమ్మిది వోల్టులవే, కాని అడాప్టరు పిన్నులో మామూలు పద్ధతికి విరుద్ధంగా మధ్యలో ఋణం, చుట్టూ ధనం. మా బావగారికి భౌతికశాస్త్రంలో ఈ ఒక్క పాఠం వెంటనే బోధపడింది. తమ ఇంటి ఏర్పాటు కూడా అదేనని, మధ్యలో కూర్చున్న ఋణం పేరు మాత్రం తమ ఇంటిపేరని అన్నారు.

క్లాన్ సెంటార్ అనే ఒక పెట్టె గురించి మేనల్లుడు గుడిలో దేవుడి పేరు చెప్పినట్టు గొంతు తగ్గించి చెబుతాడు. అమెరికాలో బిల్ ఫినెగన్ 1994లో తెచ్చాడు. లోపల ఏముందో ఎవరూ చూడకుండా విడిభాగాల మీద నల్లటి ఎపాక్సీ జిగురు పోసి గడ్డకట్టించాడు. పాతవి ఇప్పుడు వేల డాలర్లు పలుకుతున్నాయి. జిగురు గీకి చూసినవాళ్ళూ ఉన్నారు, చూసి నకళ్ళు చేసినవాళ్ళూ ఉన్నారు, అయినా అసలుదాని ధర తగ్గలేదు. ఇందులో నాకు వింతేమీ కనిపించలేదు. మా వీధిలో అప్పడాల పిండి కలిపేటప్పుడు ఒక పెద్దావిడ ఈనాటికీ కోడళ్ళను బయటికి పంపి తలుపు వేసుకుంటుంది. అప్పడం అందరిదీ ఒకే రుచిగా ఉంటుంది. ధర మాత్రం తలుపుకు.

ఇంతవరకు నేను న్యాయంగానే తిట్టాను. ఒక సాయంత్రం గురించి మాత్రం తిట్టలేకపోతున్నాను. ప్రతిధ్వని పెడల్ వచ్చిన రెండో వారం అది. గుత్తేదారు బిల్లులో ఒక సిమెంటు బస్తా మూడు బస్తాలైనట్టు, ఆ డబ్బా ఒక్క మీటుకు మూడు మీట్లు చూపిస్తుంది. మేనల్లుడు డాబా మీద ఒక్క తీగ మీటాడు. మీటి, ఆగాడు. నాలుగేళ్ళలో వాడు ఆగడం అదే మొదటిసారి. డబ్బా రెండోసారి పలికింది, మూడోసారి సన్నగా పలికింది. వాడు ఆ మూడోదాని మీద మరో తీగ మీటాడు, తను అన్న మాటకు తనే జవాబు చెప్పుకుంటున్నవాడిలా. మళ్ళీ ఆగాడు. తర్వాత ఫజ్ తొక్కి తనకు వచ్చిన మూడు పట్లూ పట్టబోతే ముద్దముద్దగా అరిచింది. అయిదారు తీగలు ఒకేసారి మోగితే ఆ గరగరలో ఒకదాన్నొకటి తినేస్తాయి. గత్యంతరం లేక రెండు తీగలే పట్టుకున్నాడు. షడ్జమం, పంచమం. అంతే. కింద వంటింట్లో మా అక్క గరిటె చప్పుడు ఆగింది.

ఆ ధ్వని నేనెక్కడో విన్నాను. కాసేపటికి తట్టింది. తంబురా. సా, పా, వాటి చుట్టూ తేనెటీగల రొద. తంబురాకు ఆ రొద ఊరికే రాదు. తీగకూ, తీగ ఆనే చెక్కకూ మధ్య ఒక నూలుపోగు పెట్టి, అటూ ఇటూ జరిపి, తీగ సరిగ్గా చెడేచోట ఆపుతారు. పోగు తీసేస్తే తీగ శుభ్రంగా మోగుతుంది, శుభ్రంగా మోగే తంబురాను ఎవరూ పక్కన పెట్టుకోరు. అంటే నాష్‌విల్ ట్రాన్స్‌ఫార్మరుకంటే ఎంతో ముందు, పైసా ఖర్చు లేని, తొమ్మిది వోల్టులు అడగని, ఎండకు మూర్ఛపోని ఫజ్ మనకు ఉంది. అందులో వాడేది నూలు. నూలు మా నేతవారి సరుకు. కాబట్టి గిబ్సన్ కంపెనీ మా తాతకు ఎంత బాకీ ఉందో లెక్కకట్టే పని బావగారికి అప్పగించాను. ఆయన చాలా రోజుల తర్వాత ఉత్సాహంగా కనిపించారు.

ఇదంతా చెప్పాక మేనల్లుడు కాసేపు ఆలోచించి, తనకు అసలు కావలసింది ఏ డబ్బాలోనూ లేదన్నాడు. "మామయ్యా, జాతరలో మోగిందే, ఆ గరగర కావాలి." కాలేజీలో వాడి కార్యక్రమం రెండు రోజుల్లో ఉంది. ఇద్దరం పెద్ద బజారు వెనుక సందులో మైకు సెట్టు ఆయన కొట్టు వెతుక్కుంటూ వెళ్ళాం. ఆంప్లిఫయరు బల్ల కింద ఉంది, పైన దుమ్ము, దుమ్ము మీద టీ గ్లాసుల గుండ్రటి మరకలు. పక్కన చెక్కపెట్టెలో స్పీకరు, కాగితం మధ్య దాకా చిరిగి, చిరుగు మీద ఎప్పుడో అంటించిన సైకిల్ పంక్చరు ముక్క. మేనల్లుడు గిటారు తగిలించి రెండు తీగలు మీటాడు. అరల్లో స్క్రూల డబ్బాలు గలగలలాడాయి. వాడి ముఖం నేను వర్ణించను. పెళ్ళిచూపుల్లో కూడా అలాంటి ముఖం పెట్టకూడదని మాత్రం సలహా ఇస్తాను.

"ఎల్లుండి సాయంత్రానికి ఇది కావాలి. అద్దె ఎంతయినా ఇస్తాను" అన్నాడు. అయిదు పెడళ్ళ యజమాని ఆ మాట చేతులు జోడించి అన్నాడు. మైకు సెట్టు ఆయన మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. రేపు సాయంత్రం వచ్చి పట్టుకెళ్ళమన్నాడు.

మరునాడు వెళ్ళేసరికి దుమ్ము లేదు, గ్లాసుల మరకలు లేవు. ఆయన కళ్ళు మాత్రం ఎర్రగా ఉన్నాయి.

"ఇరవై ఏళ్ళుగా జనం తిడుతూనే ఉన్నారు బాబూ, నేను పట్టించుకోలేదు. చదువుకున్నవారు మీరొచ్చి మెచ్చుకుని అడిగారు. మనసు ఆగలేదు. రాత్రంతా కూర్చుని లోపలంతా బాగుచేశాను, స్పీకరుకు కొత్త కాగితం వేయించాను. వాయించి చూడండి."

మేనల్లుడు మీటాడు. గుడిగంటలా, కడిగిన ముత్యంలా మోగింది. మూడు పట్లూ విడివిడిగా, వాడి వేళ్ళ లోపాలన్నీ ఒక్కొక్కటిగా వినిపించాయి.

"పాత కాగితం?" అన్నాడు వాడు, గొంతు పెగల్చుకుని.

"ఇప్పుడే చెత్తబండిలో వేశాను. బాగుచేసినందుకు డబ్బు వద్దు బాబూ, మీరు మనవాళ్ళు."

సందు చివర చెత్తబండి పాట వేసుకుంటూ మలుపు తిరుగుతోంది. ఏ భాష పాటో తెలియడం లేదు. దాని స్పీకరు చిరిగి ఉంది. మేనల్లుడు గిటారు నా చేతిలో పెట్టి పరుగెత్తాడు.