స్టైఫిల్ దొరగారికి గుంటూరు మిర్చి కొట్టు గుమాస్తా రాయునది

దొరగారూ,

ఉభయ కుశలోపరి. ఇక్కడ ఏప్రిల్ నెల. ఫ్యాను తిరుగుతోంది, గాలి మాత్రం రావడం లేదు. దీన్ని ‘స్టైఫ్లింగ్ హీట్’ అనాలని మా ఇంగ్లీషు సారు చెప్పారు. మేం ఉక్కపోత అంటాం. ఆ మాట అంటుంటేనే చొక్కా వీపుకి అంటుకుంటుంది.

పగలు మిర్చి యార్డులో టిక్కీల (అంటే మిర్చి బస్తాల) లెక్క రాసి, సాయంత్రం బ్రాడీపేటలో స్పోకెన్ ఇంగ్లీషుకి వెళ్తున్నాను. అక్కడే ‘స్టైఫిల్’ (stifle) అనే ఇంగ్లీషు మాటగా మీరు తగిలారు. డిక్షనరీలో మొదటి అర్థం ‘ఊపిరాడకుండా చేయు’. హత్య కేసనుకున్నా. కింద చూస్తే ఆవలింత, నవ్వు, ఏడుపు ఆపుకోవడం కూడా మీరేనట. ఇంకా కిందికి పోతే పోటీని ఎదగనివ్వకపోవడం, ఎదురు చెప్పేవాడి గొంతు నొక్కడం. ఇవి చాలనట్టు గుర్రం వెనక కాలి మోకీలుకీ ఇదే పేరు. అక్కడ మీకేం పని?

అన్నీ కలిపి ఒక వాక్యం రాశాను: ‘కూలీ మిర్చిని టిక్కీలో స్టైఫిల్ చేశాడు.’ 40 కిలోల పైచిలుకు కాయ ఒక్క బస్తాలో పట్టాలంటే మనిషి దిగి కాళ్లతో తొక్కాలి. ఇక మిరపకాయకి ఊపిరెక్కడ ఆడుతుంది? సారు నోట్‌బుక్కు మొహానికి అడ్డం పెట్టుకున్నారు. భుజాలు మాత్రం ఊగుతున్నాయి. కాసేపటికి కళ్లు తుడుచుకుని, ‘ఇప్పుడు నేను చేసింది స్టైఫిల్. నువ్వు రాసింది తొక్కడం’ అన్నారు.

అవమానం సంగతి వదిలేయండి. నా అసలు గొడవ వేరే. నా ఆవలింత నేను ఆపినా మీరే, పక్కవాడి నోరు నేను నొక్కినా మీరే. మాకు ‘కొను’ అని ఒక తోక ఉంది. ఆపుకున్నాడంటే తనది, ఆపాడంటే ఎదుటివాడిది. రేటు తెగ్గోస్తే రైతు కోపం దిగమింగుకుంటాడు. అదేమిటని అడగబోతే షావుకారు నోరు నొక్కేస్తాడు. మీ దగ్గర ఇద్దరికీ ఒకటే క్రియ! 600 ఏళ్ల పైనుంచి ఇంగ్లీషులో కాపురం ఉంటూ ఆ మాత్రం తేడా పెట్టుకోలేకపోయారా?

మీ చుట్టం ‘స్మదర్’ కొంత నయం. దిండుతో అదిమినా, ముద్దులతో ముంచెత్తినా, పైనుంచి కప్పేయడమని తెలిసిపోతుంది.

రేపటి హోంవర్క్ ‘స్టైఫిల్ ఎ స్నీజ్’. తుమ్ము ఆపుకోవడమట! పొద్దున్నే ఒకసారి మా యార్డుకి దయచేయండి. తేజ రకం టిక్కీ విప్పి కుమ్మరిస్తుంటే, ఏళ్ల తరబడి అక్కడే బతికిన ముఠా కూలీ కూడా ముక్కుకి తువ్వాలు చుట్టుకుని మరీ తుమ్ముతాడు. ఆ గేటు లోపల గుర్రం మోకీలుగా తప్ప మీకు పని దొరకదు.

ఇట్లు,
కోపం ఆపు‘కున్న’
గుమాస్తా