నాణేల కుప్పలో మొలిచిన మొక్క

ముందుగా స్టాక్ మార్కెట్టుగారి ఆరోగ్యం. బిజినెస్ పేజీలు రాసేవారి పుణ్యమా అని ఆయన గురించి మనకు తెలియనిది లేదు. పొద్దున కలవరపడ్డారు, మధ్యాహ్నానికి తేరుకున్నారు, సాయంత్రం 'లాభాల స్వీకరణ'తో నీరసించారు. సూచీ అర శాతం దిగితే 'యుద్ధ భయాలతో పతనం'. గంటలో అదే అర శాతం ఎక్కిందా, 'యుద్ధ భయాలను లెక్కచేయని సూచీ'. ఈలోగా యుద్ధం యుద్ధంగానే ఉంది, శీర్షికలో క్రియ ఒక్కటే మారింది.

ఇంత సున్నిత మనస్కుడి దగ్గర ధర్మం ఊసెత్తాలంటే మెల్లగా ఎత్తాలి. అందుకే 2004లో ఐక్యరాజ్యసమితి గ్లోబల్ కాంపాక్ట్ చొరవతో వచ్చిన నివేదిక దానికో పొట్టిపేరు పెట్టింది: ఈఎస్‌జీ. పర్యావరణం, సమాజం, పాలన: లాభంతో పాటు ఈ మూడింటిలో కంపెనీ నడతను కూడా తూచి మదుపు పెట్టడమన్నమాట. ధర్మమంటే జేబు తడుముకునే మదుపరి కూడా ఈఎస్‌జీ అంటే బ్రోచర్ అడుగుతాడు.

ఈ వార్తలకు బొమ్మ ఒకటే, మీరూ చూసే ఉంటారు. నాణేల కుప్ప, దాని నెత్తిన రెండాకుల మొక్క, వెనక మసక మసకగా పచ్చదనం. మట్టి లేదు, నీళ్లు లేవు. లోహం మీద మొక్క ఎలా బతుకుతోందని ఏ ఎడిటరూ అడగడు. వ్యవసాయ విలేకరి పక్క బల్ల దగ్గరే ఉంటాడు గానీ, ఆయన్ను అడిగేదెవరు?

ఆ మొక్కకు వయసొచ్చింది 2020లో. ఏప్రిల్ 20న అమెరికా ముడిచమురు ఫ్యూచర్స్ (ముందస్తు కొనుగోలు ఒప్పందాల) ధర బ్యారెల్‌కు మైనస్ 37.63 డాలర్లకు పడింది. సరుకు పట్టుకెళ్లేవాడికి ఎదురు డబ్బులన్నమాట! చమురు తక్కువ, టెక్నాలజీ ఎక్కువ ఉన్న ఈఎస్‌జీ ఫండ్లు సహజంగానే మెరిశాయి. మంచితనం లాభసాటి అని తేల్చేశారు. 2022లో ఉక్రెయిన్ యుద్ధంతో చమురు భగ్గుమంది, అమెరికా చమురు సంస్థ ఎక్సాన్ మొబిల్ ఒక్కటే సుమారు 5,600 కోట్ల డాలర్లు లాభపడింది. ఈసారి మంచితనం గిట్టుబాటు కాదని తేల్చారు. రెండేళ్లలో మానవజాతి నీతి ఇటు నుంచి అటు తిరిగిందన్నమాట, బ్యారెల్ ధరతో పాటు.

ఒక్క సందేహం. నైతిక ఫండ్ పడితే 'నైతికతకు మూల్యం'. మామూలు ఫండ్ పడితే 'ప్రతికూల అంతర్జాతీయ సంకేతాలు'. 'విచక్షణ లేక నష్టం' అనే శీర్షిక ఇంతవరకు నా కంటబడలేదు. స్థలాభావం కాబోలు.

కంపెనీలకు ఈఎస్‌జీ మార్కులు వేసేవారి నిష్పాక్షికతకు మాత్రం వంక పెట్టలేం. డౌ జోన్స్ సస్టెయినబిలిటీ సూచీలో ఫోక్స్‌వ్యాగన్‌ను వాహన రంగంలో మొదటి స్థానంలో నిలిపింది 2015 సెప్టెంబరులో. ఆ కంపెనీ కార్లలో ఉద్గారాల పరీక్షను ఏమార్చే సాఫ్ట్‌వేర్ బయటపడిందీ ఆ నెలలోనే. 2022 మేలో ఎస్‌అండ్‌పీ 500 ఈఎస్‌జీ సూచీలో ఎలక్ట్రిక్ కార్ల టెస్లాకు చోటు పోయింది, చమురు తీసే ఎక్సాన్ చోటు మాత్రం పదిలంగా ఉంది. జాతివివక్ష ఆరోపణలు, ఆటోపైలట్ ప్రమాదాలు అంటూ సూచీవారు కారణాలు చెప్పారు. వాటిని చదివే ఓపిక ఎవరికుంది? టెస్లా అధిపతి మస్క్ ఈఎస్‌జీనే మోసమన్నాడు, మనకు కుస్తీ దొరికింది.

ఇక ప్రపంచంలోకెల్లా పెద్ద ఆస్తుల నిర్వహణ సంస్థ బ్లాక్‌రాక్ అధిపతి లారీ ఫింక్. వాతావరణ ముప్పు అంటే పెట్టుబడి ముప్పేనని 2020లో లేఖ రాసిన పెద్దమనిషి, 2023 జూన్‌లో ఈఎస్‌జీ అనే మాటే ఇక వాడనన్నాడు. రాజకీయాలు ఆ మాటను ఆయుధం చేశాయట. వెంటనే ఈఎస్‌జీకి సంతాప వ్యాసాలు సిద్ధం. బొమ్మ అదే: అవే నాణేలు, అవే రెండాకులు. మాట వాడటం మానేశారు గానీ, మొక్క మాత్రం ఇంకా వాడలేదు.