ఎత్తాల్సింది ఒక్క చెయ్యే

మూడు రోజులుగా మా వీధి కుళాయి దగ్గర బిందెలు వరసలో ఉన్నాయి, నీళ్లే రాలేదు. కౌన్సిలర్ ఇంటికి పోయి తలుపు కొట్టాను. వాళ్లమ్మ బయటికొచ్చి, 'లేడు నాయనా, క్యాంపుకు పోయినాడు' అంది, కొడుకు మిలిటరీలో చేరినంత గంభీరంగా.

చైర్మన్ మీద అవిశ్వాసమట. అందుకని మన ప్రజాస్వామ్యం ఏసీ బస్సెక్కి బెంగళూరు దగ్గర రిసార్టులో దిగింది. దిగగానే ఫోన్లు లాక్కున్నారు. పొద్దున ఇడ్లీ, మధ్యాహ్నం బిర్యానీ, ఆపైన స్విమ్మింగ్ పూల్. మా వార్డుకు నీళ్లు తేవాల్సిన మనిషి మెడలోతు నీళ్లలో నిలబడి పార్టీని కాపాడుతున్నాడు. సాయంత్రం చెయ్యెత్తడంలో ట్రైనింగ్. 'ఒకటి' అనగానే అందరూ ఎత్తాలి. ఒకాయన ముందే ఎత్తేశాడు, పాపం బాత్రూముకు. అనుమానమొచ్చి ఆ రాత్రి అతని గది బయట ఇద్దరిని కాపలా పెట్టారు. ఇంకొకాయన ఎడమ చెయ్యి ఎత్తాడు, కుడిచేతిలో కోడికాలుంది మరి.

ఒక్క చెయ్యే కదా అనుకోకండి. 1954లో మన కర్నూలు రాజధానిగా ఉన్నప్పుడు ప్రకాశం పంతులు ప్రభుత్వం ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. గొడవ మద్యనిషేధం గురించి. అప్పట్లో మందు సభలో చర్చకొచ్చేది, ఇప్పుడు నేరుగా క్యాంపుకే వస్తోంది.

మా నంద్యాల ఎంపీగా పీవీ ప్రధానిగా ఉన్నప్పుడు, 1993లో, అవిశ్వాసం 14 ఓట్ల తేడాతో వీగిపోయింది. ఎంపీలకు డబ్బు ముట్టిందని కేసు. పీవీ చివరికి నిర్దోషిగా బయటపడ్డారు గానీ, 1998లో సుప్రీంకోర్టు చెప్పింది వినండి: డబ్బు తీసుకుని సభలో ఓటేసినవాళ్లకు రక్షణ ఉంది, తీసుకుని ఓటేయనివాడికి లేదు. మాట తప్పితే కోర్టు కూడా ఊరుకోదన్నమాట! 2024 మార్చిలో ఏడుగురు జడ్జీలు ఆ తీర్పును కొట్టేశారు. ఆ కబురు రిసార్టు దాకా చేరినట్టు లేదు.

బిర్యానీ తిననీ, నాకేం. పక్కింటి పిల్ల మూడు రోజులుగా బడి మానేసి ఎండలో బిందె దగ్గర కూర్చుంది. ఆ పిల్ల తల్లి వేసిన ఓటుతోనే వాడి చేతికి ఆ విలువ వచ్చింది. ఒక్కరోజన్నా ఈ కుళాయి కోసం ఎత్తాడా దాన్ని? సిగ్గు లేదూ?

ఆదివారం తిరిగొచ్చాడు. మెడలో పూలదండ, పూల్‌లో ఎండకు కమిలిన మొహం. బస్సు దిగి బిందెల వరస చూసి, నవ్వుతూ చెయ్యెత్తాడు. కుడి చెయ్యే. ట్రైనింగ్ బాగానే ఇచ్చినట్టున్నారు.