“ముందు నీ కిలోమీటర్లు చెప్పు” అనేవారికి జవాబు

సైకిల్ తొక్కేవాళ్ల మధ్య ఒక మాట చాలాకాలంగా తిరుగుతోంది. ఈమధ్య మరీ ఎక్కువైంది. “టెక్నికల్ విషయాల్లో వాదన వస్తే ముందు ఎదుటివాడు ఎవరో చూడండి. ఎన్ని వేల కిలోమీటర్లు తొక్కాడో అడగండి. అనుభవం ముందు లెక్కలు నిలబడవు. రేసుల్లో గెలిచేవాళ్లు వాడేదే సరైనది. అమ్ముకునేవాడి మాట అసలు నమ్మొద్దు. తప్పుగా మాట్లాడేవాడిని గట్టిగా నాలుగు మాటలని పంపేస్తేనే కొత్తవాళ్లు చెడిపోకుండా ఉంటారు.” దీన్ని మెచ్చుకుని పదిమందికీ పంపుతున్నవాళ్లలో నేను గౌరవించేవాళ్లు కూడా ఉన్నారు. అందుకే ఊరుకోలేకపోయాను.

“ముందు మనిషిని చూడాలి”

గాలి టైరునే తీసుకోండి. 1888లో దానికి పేటెంట్ తీసుకున్న జాన్ బాయిడ్ డన్‌లప్ పశువైద్యుడు. కొడుకు తొక్కే మూడు చక్రాల సైకిల్ కుదుపులు తగ్గించాలని ఆ పని మొదలుపెట్టాడు. రేసులు తొక్కిన చరిత్ర ఆయనకు లేదు. గట్టి రబ్బరు టైర్ల మీద అప్పటికే గెలుస్తున్నవాళ్లు “నువ్వెన్ని మైళ్లు తొక్కావు?” అని అడిగి ఉంటే ఆయన చెప్పుకోగలిగింది ఏమీ లేదు. మరుసటి ఏడాది బెల్‌ఫాస్ట్‌లో విల్లీ హ్యూమ్ ఆ టైర్లు వేసుకుని పందేలు గెలిచాడు. డన్‌లప్ ఎవరన్న ప్రశ్న అవసరం లేకుండానే విషయం తేలిపోయింది.

దీన్నిబట్టి బయటివాడు చెప్పిందల్లా నిజమని నేననడం లేదు. బయటివాళ్లు చెప్పే వంద ఆలోచనల్లో తొంభై వీగిపోవచ్చు. కానీ ‘తొక్కనివాడి మాట పనికిరాదు’ అనే సూత్రాన్ని పట్టుకుంటే మిగిలిన పదీ వినకుండానే పోతాయి.

డిగ్రీలు చూసి నమ్మడం కూడా ఇలాంటి పొరపాటే. కదిలే సైకిల్ పడిపోకుండా ఉండటానికి కారణం చక్రాల గైరోస్కోప్ ప్రభావమని, అంటే వేగంగా తిరిగే చక్రం తన వాలు మార్చుకోవడానికి ఒప్పుకోదని, బాగా చదువుకున్నవాళ్లే చాలాకాలం చెప్పారు. డేవిడ్ జోన్స్ అనే ఆయన ఆ ప్రభావాన్ని రద్దుచేసేలా వ్యతిరేక దిశలో తిరిగే ఇంకో చక్రం బిగించి, ఆ సైకిల్‌నూ తొక్కగలిగాడు. ఆ సంగతి 1970లో ప్రచురించాడు. 2011లో మరికొందరు పరిశోధకులు గైరోస్కోప్ ప్రభావం గానీ, ముందు చక్రానికి ఉండే ట్రెయిల్ (హ్యాండిల్ తిరిగే ఇరుసు గీత నేలను తాకే చోటుకు చక్రం వెనకబడి ఉండే దూరం) గానీ లేకుండానే తనంతట తాను నిలబడే సైకిల్‌ను తయారుచేసి చూపించారు. అంటే ఆ పాత వివరణ అసంపూర్ణం. అది చెప్పినవాళ్ల చదువు మాత్రం నిజమైనదే.

“అనుభవం ముందు లెక్కలు నిలబడవు”

నాకు బాగా బాధ కలిగించే మాట ఇది. అనుభవాన్ని నేను తక్కువ చేయను. ఏ మలుపులో టైరు జారిందో, ఏ సీటు మీద మూడో గంటకు నడుం పట్టేసిందో తొక్కినవాడికే తెలుస్తుంది. అయితే ఏం జరిగిందో చెప్పడం వేరు, ఎందుకు జరిగిందో చెప్పడం వేరు. మొదటిదానికి అనుభవం గట్టి సాక్ష్యం. రెండోదానికి చాలా బలహీనమైన సాక్ష్యం.

సన్నటి టైర్ల కథ చూడండి. 23 మిల్లీమీటర్ల టైరులో రాయిలా గాలి కొట్టి తొక్కితే వేగంగా పోతామని ఒక తరమంతా నమ్మింది. నేనూ నమ్మాను, వాదించాను, వెడల్పు టైరు వేసుకున్నవాళ్లను “నీకు రేసింగ్ ఏం తెలుసు” అని కూడా అన్నాను. గట్టి టైరు సన్నగా వణుకుతూ ఉంటుంది. ఆ వణుకునే శరీరం వేగం అనుకుంటుంది. జరిగేది వేరు. ఒకే ప్రెషర్ దగ్గర రెండు టైర్లకూ నేలను తాకే వైశాల్యం దాదాపు సమానమే. వెడల్పు టైరు తాకే చోటు పొట్టిగా, అడ్డంగా ఉంటుంది కాబట్టి టైరు తక్కువ వంగుతుంది, శక్తి తక్కువ పోతుంది. పైగా గరుకు రోడ్డు మీద టైరు మరీ గట్టిగా ఉంటే సైకిల్, మనిషి కలిసి ఎగిరెగిరి పడతారు. ఆ కుదుపు కండరాల్లో వేడిగా మారి వృథా అవుతుంది. ఇవన్నీ కొలిచి చూశాకే రేసుల్లో 25, ఆ తర్వాత 28, అంతకు మించిన వెడల్పులు వచ్చాయి. సన్నటి టైరు వైపు వాదించినవాళ్ల దగ్గరా కొంత నిజం ఉంది. రిమ్ముకు తగని వెడల్పు టైరు వేస్తే గాలి నిరోధం పెరుగుతుంది. ఈ మాట ఎప్పుడో బయటికి రావాల్సింది. ఎవరు పిరికివాళ్లు, ఎవరు ముసలివాళ్లు అని తిట్టుకోవడంలో మేం దాన్ని వదిలేశాం.

‘అల్యూమినియం ఫ్రేము ఒళ్లు హూనం చేస్తుంది, స్టీలు మెత్తన’ అనేదీ అంతే. నిజానికి వంగకుండా నిలిచే గుణాన్ని గిగాపాస్కల్స్‌లో కొలిస్తే స్టీలుది సుమారు 200 అయితే అల్యూమినియానిది సుమారు 70 మాత్రమే. తేడా తెచ్చేది గొట్టాల కొలత. గోడ మందం అలాగే ఉంచి వ్యాసం రెట్టింపు చేస్తే గొట్టం దాదాపు ఎనిమిది రెట్లు బిగుసుకుంటుంది. లావు గొట్టాలతో చేసిన అల్యూమినియం ఫ్రేములు అందుకే గట్టిగా ఉంటాయి. సన్నటి గొట్టాలతో వచ్చిన వీటస్ 979 అనే ఫ్రేమూ అల్యూమినియందే. అది ఊగుతుందని పేరు, అయినా ఐర్లాండ్ రేసర్ షాన్ కెల్లీ దాని మీద పెద్ద పందేలు గెలిచాడు. పైగా గతుకు మీద టైరు నొక్కుకునే దానిలో మామూలు త్రికోణాల ఫ్రేము నిలువునా వంగేది చిన్న వంతే. ఒళ్లు నొప్పి పుట్టిందని ఒకరు చెబితే నమ్మాల్సిందే. దానికి కారణం అల్యూమినియమే అంటే మాత్రం టైరు ఎంత, ప్రెషర్ ఎంత, సీటు ఏది అని అడగాలి. అలా అడిగినవాడిని “నువ్వు తొక్కి చూడలేదు” అని నోరు మూయించడం ఎక్కడి న్యాయం?

“గెలిచేవాళ్లు వాడేదే సరైనది”

గెలిచేవాళ్లు నిబంధనలు ఒప్పుకున్నవే వాడతారు. 1933లో ఫ్రాన్సిస్ ఫోర్ అనే సైక్లిస్టు షార్ల్ మొషే తయారుచేసిన వెలోకార్ అనే సైకిల్ మీద, వెనక్కి వాలి కూర్చుని, గంటలో 45.055 కిలోమీటర్లు తొక్కాడు. అప్పటివరకు ఉన్నది 1914లో ఆస్కార్ ఎగ్ పెట్టిన 44.247 కిలోమీటర్ల రికార్డు. మరుసటి ఏడాది అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య సైకిల్ అంటే ఇలా ఉండాలని నిర్వచించి ఆ రకాన్ని పోటీల నుంచి తప్పించింది. ఆ నిర్ణయం మంచిదా కాదా అన్నది వేరే చర్చ. కానీ ‘పెద్ద రేసుల్లో ఎవరూ వాడరు కాబట్టి అది నెమ్మది’ అనే తర్కం అక్కడే కూలిపోయింది.

స్కాట్లాండ్ సైక్లిస్టు గ్రేమ్ ఓబ్రీ 1993లో గంటకు 51.596 కిలోమీటర్ల రికార్డు పెట్టిన పద్ధతి తన సొంత ఆలోచన. చేతులు ఛాతీ కింద ముడుచుకుని కూర్చునే ఆ భంగిమను అప్పటి విజేతలెవరూ వాడలేదు. వాషింగ్ మెషీన్ బేరింగులతో తానే తయారుచేసుకున్న సైకిల్ అది. ఆరు రోజులకే ఇంగ్లండ్ సైక్లిస్టు క్రిస్ బోర్డ్‌మన్ వేరే భంగిమలో 52.270 తొక్కి దాన్ని దాటాడు. ఓబ్రీ భంగిమ చెడ్డదని దీంతో తేలిందా? లేదు. ఇద్దరి కాళ్లు వేరు, ట్రాకు వేరు, రోజు వేరు. ఒక్క గెలుపు చూసి ఇది గొప్పదనలేం, ఒక్క ఓటమి చూసి అది పనికిరాదనీ అనలేం. మార్పు ఒక్కటే ఉండి మిగతావన్నీ అలాగే ఉన్నప్పుడు కొలిస్తేనే ఏదైనా చెప్పగలం.

“అమ్ముకునేవాడిని నమ్మొద్దు”

జాగ్రత్త పడమంటే ఒప్పుకుంటాను. కానీ అమ్మేవాడు చెప్పినంత మాత్రాన అబద్ధం కాదు. ‘చక్రంలో తగ్గిన ఒక్క గ్రాము ఫ్రేములో తగ్గిన రెండు గ్రాములతో సమానం’ అని తేలిక చక్రాలు అమ్మేవాళ్లు అంటారు. వేగం పెంచేటప్పుడు రిమ్ము బరువు విషయంలో అది దాదాపు నిజం. ఒకే వేగంతో ఎత్తు ఎక్కేటప్పుడు నిజం కాదు, అక్కడ ఏ గ్రామైనా గ్రామే. మనిషి ఉద్దేశం మీద ఎంత మాట్లాడినా ఈ తేడా బయటపడదు.

“గట్టిగా అంటేనే తప్పుడు మాట ఆగుతుంది”

ఆగదు. చక్రం మధ్యలోని హబ్ పై స్పోకులకు (పుల్లలకు) వేలాడుతోందా, కింది స్పోకుల మీద నిలబడిందా అన్న గొడవ చూడండి. బరువు పడినప్పుడు నేలకు దగ్గరగా ఉన్న కింది స్పోకుల బిగువు బాగా తగ్గుతుంది, మిగతావాటిలో మార్పు చాలా తక్కువ. ఈ కొలతను రెండు పక్షాలూ ఒప్పుకుంటాయి. మిగిలింది ‘నిలబడటం’ అనే మాటకు అర్థం ఏమిటన్న తగాదా. దానికోసం ఒకరినొకరు మూర్ఖులనుకుని ఏళ్ల స్నేహాలు తెంచుకున్నారు. “ఏ స్పోకులో బిగువు ఎంత మారుతుందంటావు?” అని మొదట్లోనే అడిగి ఉంటే ఇద్దరూ ఒకే జవాబు చెప్పేవాళ్లు.

తప్పుడు సలహా ప్రాణాల మీదికి తెస్తుంది కదా, అప్పుడైనా కఠినంగా ఉండొద్దా అని అడుగుతారు. ఈ వాదనలో నిజంగా బరువున్న ప్రశ్న ఇదొక్కటే. హుక్‌లెస్ రిమ్ముకు, అంటే టైరు అంచును పట్టుకునే కొక్కెం లేని రిమ్ముకు, 100 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) గాలి కొట్టమని ఎవరో చెప్పారనుకోండి. “బుర్ర లేదా నీకు” అంటే అతను పంతానికి పోయి అదే మాట ఇంకోచోట చెబుతాడు. పక్కన మౌనంగా వింటున్న కొత్తవాడికి ఇద్దరు పెద్దవాళ్లు తిట్టుకున్నారని మాత్రమే గుర్తుంటుంది. “హుక్‌లెస్ రిమ్ముకు ప్రమాణం ప్రకారం గరిష్ఠం 5 బార్, అంటే సుమారు 72.5 పీఎస్‌ఐ. దాటితే టైరు రిమ్ము నుంచి ఊడిపోవచ్చు. నీ టైరు మీదా రిమ్ము మీదా రాసి ఉన్న అంకెల్లో తక్కువది చూసుకో” అంటే, ఆ కొత్తవాడు పంపు పట్టుకునే ముందు వంగి రిమ్ము మీది అంకె చదువుతాడు.