ఒక్క పెట్టె రైలు మీద ఇంత కక్ష ఎందుకు?

ఫ్రాన్స్ రైళ్లంటే మనవాళ్లకు మెరుపులా దూసుకెళ్లే టీజీవీ. నన్నడిగితే ఆ దేశం చేసిన తెలివైన బండి ‘పికాసో’. డీజిల్‌తో నడిచే ఒక్క పెట్టె. 1950 నుంచి 1961 దాకా 251 తయారు చేశారు. రెండు చివర్లా డ్రైవర్ క్యాబిన్లు ఎందుకు దండగని, కప్పు మీద ఓ పక్కగా ఒక్కటే పెట్టారు. డ్రైవర్ అడ్డంగా కూర్చుని, వెళ్లేటప్పుడు అటు, వచ్చేటప్పుడు ఇటు తల తిప్పుకోవాలి. కన్ను పక్కకు జరిగిన ముఖంలా ఉందని జనం, అలాంటి ముఖాలు గీసిన చిత్రకారుడు పికాసో పేరు తగిలించారు. అందగత్తె కాదు, ఒప్పుకుంటాను. కానీ ఊళ్లకు రైలు దక్కాలంటే ఇలాంటి పిసినారితనమే కావాలి.

1879లో మంత్రి ఫ్రెసినే పేరుతో వచ్చిన ప్లాన్‌తో చిన్న పట్టణాలకూ పట్టాలు వేశారు. వాటి పక్కనే జిల్లాల మీటర్ గేజ్ లైన్లు పుట్టుకొచ్చాయి. వాటి మీద తిరిగినవి ఆవిరి బళ్లు. తెల్లారకముందే పొయ్యి రాజేయాలి, డ్రైవర్‌తో పాటు ఫైర్‌మన్ ఉండాలి. ఇంతా చేస్తే ఎక్కేది ఇరవై మంది. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత బొగ్గు, జీతాలు పెరిగేసరికి కొందరు ఇంజనీర్లు బస్సు, లారీ ఇంజన్లను పట్టాలెక్కించారు. డ డియోన్-బూటోన్, టూర్ పట్టణానికి చెందిన బియార్ లాంటి కంపెనీలు అందులో చెయ్యి తిరిగినవి. తొలి రోజుల్లో కొన్ని బళ్లకు ఒకవైపే ముఖం. చివరి స్టేషన్లో డ్రైవర్ కిందికి దిగి, బండి అడుగునే ఉన్న జాకీతో దాన్ని పైకి లేపి, చేత్తో నెట్టి వెనక్కి తిప్పేవాడు. ఒక్క మనిషి, ఒక రైలు! 1930ల్లో టైర్ల కంపెనీ మిషెలిన్, రబ్బరు టైర్లతో నడిచే ‘మిషలీన్’ బండిని పట్టాల మీదకు తెచ్చింది. ఆ పేరు ఎంత నాటుకుందంటే, ఫ్రాన్స్‌లో చాలామందికి ఏ రైలుకారైనా, అంటే సొంత ఇంజన్ ఉన్న ఏ చిన్న రైలుబండైనా, ‘మిషలీన్’ అయిపోయింది.

మరి ఆ లైన్లు ఎందుకు మూతపడ్డాయి? కార్లొచ్చాయి, పల్లెలు ఖాళీ అయ్యాయి, బస్సు చౌక అంటారు. అందులో నిజం లేకపోలేదు. పశువులు తప్ప మనుషులు దిగని స్టేషన్లూ ఉండేవి.

అయితే లెక్క రాసిన తీరు చూడండి. బస్సు నడిచే రోడ్డు ఖర్చు సర్కారు పద్దులో పడింది. పట్టాల ఖర్చు మాత్రం ఆ చిన్న లైను నెత్తినే. కొండల్లోని లమాస్త్ర్ ఊళ్లో రైలుకారెక్కి, కింద టూర్నోన్‌లో పెద్ద లైను బండికి మారి పారిస్ పోయేవాడి టికెట్‌లో చిన్న లైను వాటా ఆ కొండదారి మేరకే. పెద్ద లైనుకు వాడిని తెచ్చిచ్చిన పుణ్యానికి పైసా రాదు. పిల్ల కాలువ నీళ్లు తేవడం లేదని పూడ్చేసి, చెరువు ఎండిందని ఏడ్చినట్టుంది. 1934లో రైలు-రోడ్డు సమన్వయం పేరుతో మొదలైన కోత, 1938లో దేశమంతటికీ ఒకే రైల్వే సంస్థగా ఎస్ఎన్‌సీఎఫ్ వచ్చాక జోరందుకుంది. పైన చెప్పిన ఆ కొండదారి, వివరే లైన్, 1968లో మూతపడింది. మరుసటి ఏడాదే రైలు పిచ్చోళ్లు కొందరు టూర్నోన్-లమాస్త్ర్ మధ్య టూరిస్టు బండి నడిపారు. పనికిరాని పట్టాల మీదే!

అసలు రోగం చిన్న లైనుకు పెద్ద లైను కొలతలు పెట్టడం. మన కాకినాడ-కోటిపల్లి లైన్లో తిరిగిన రైలుబస్సు ఎక్కినవాళ్లకు ఈ మాట తొందరగా అర్థమవుతుంది. కోనసీమ అంచుకు పోయే దారికి ఇరవై నాలుగు పెట్టెల ఎక్స్‌ప్రెస్ ఎందుకు? రోజుకు ఒకసారి కాకుండా నాలుగుసార్లు తిరిగే ఒక్క పెట్టె చాలు.

ఫ్రాన్స్‌లో రైల్వేల భవిష్యత్తు మీద సర్కారు రాయించిన 2018 నాటి స్పినెటా నివేదిక చిన్న లైన్ల మీద మళ్లీ కత్తి ఎత్తింది. ఊళ్లు గగ్గోలు పెట్టాయి. ఇప్పుడు అదే ఎస్ఎన్‌సీఎఫ్, అల్జాస్‌లోని లోర్ కంపెనీతో కలిసి ‘డ్రేజీ’ అనే తేలికపాటి బ్యాటరీ రైలుకు పని మొదలెట్టింది. తాతలు లారీ ఇంజన్‌తో చేసిందే. కాకపోతే ఈసారి దాన్ని ‘ఇన్నోవేషన్’ అంటున్నారు.