కరాచీ కథ, ఖాళీ సంచీ

మా మామయ్యకు చరిత్ర పిచ్చి. చేతిలో ఏ వస్తువున్నా దాని పుట్టుపూర్వోత్తరాలు చెప్పందే అన్నం సహించదు. అలాంటి మనిషికి బిస్కెట్ల సంచి అప్పజెప్పడం అత్తయ్యకు ఇష్టం లేదు. కానీ సారె సామాన్లతో ఆవిడ చేతులు ఖాళీగా లేవు.

అనకాపల్లిలో కూతురి సీమంతం. వియ్యపురాలు నోరు తెరిచి అడిగింది ఒక్కటే, కరాచీ ఫ్రూట్ బిస్కెట్లు. ఇంటి దగ్గర సూపర్ మార్కెట్లో కొనేద్దామంటే మామయ్య ఒప్పుకోలేదు. మొజంజాహీ మార్కెట్ దగ్గర అసలు కొట్లోనే కొనాలట. పన్నెండు పెట్టెలు కొని, ఆ రాతి కట్టడం 1935 నాటిదనీ, నిజాం రెండో కొడుకు పేరు పెట్టారనీ ఆటోవాడికి చెబుతూ నాంపల్లి స్టేషన్‌కి చేర్చాడు.

గోదావరి ఎక్స్‌ప్రెస్ ఇలా కదిలిందో లేదో, ఎదురు సీటు కుర్రాడు సంచిలోకి తొంగిచూశాడు. "హైదరాబాద్ బేకరీకి కరాచీ పేరేంటి సార్?"

అత్తయ్య కళ్ళు మూసుకుంది.

ఇక మామయ్య మొదలుపెట్టాడు. 1947లో దేశం రెండు ముక్కలైంది. సింధ్‌లో ఇళ్ళూవాకిళ్ళూ వదిలేసి వచ్చిన వాళ్ళలో ఖాన్‌చంద్ రమ్నానీ ఒకరు. హైదరాబాద్ చేరి 1953లో బేకరీ పెట్టారు. ఊరు వదులుకున్నా పేరు వదులుకోలేదు. ఆ తర్వాత పిల్లలూ మనవలూ అందుకున్నారు. "అప్పుడు ఒక్క కొట్టు, ఇప్పుడు శంషాబాద్ ఎయిర్‌పోర్టులో కూడా ఉంది!" అంటూ మొదటి పెట్టె విప్పాడు. కథ వింటున్నవాళ్ళకి రుచి చూపించకపోతే మర్యాదగా ఉండదు కదా.

ఒక బిస్కెట్ తీసి రెండుగా విరిచాడు. ఎరుపు, ఆకుపచ్చ టూటీఫ్రూటీ ముక్కలు లోపలిదాకా కనిపించాయి. "ఇవేం పళ్ళనుకుంటున్నారు? పచ్చి బొప్పాయి! పాకంలో ఊరబెట్టి రంగు వేస్తారు." నమ్మనివాళ్ళ కోసం ఇంకో నాలుగు విరిచాడు. విరిచినవి మళ్ళీ పెట్టెలో పెట్టలేం కాబట్టి పంచాడు. కాజీపేట వచ్చేసరికి పక్క కూపేవాళ్ళు కూడా విద్యార్థులై చేరిపోయారు.

పై బెర్తు మామ్మగారు, "గుడ్డు కలుపుతారేమో నాయనా" అంది. పెట్టె మీద ఆకుపచ్చ చుక్క చూపించడానికి పెట్టె పైకి అందించాడు. చుక్క చూశాక ఆవిడ పెట్టె కిందికి దించలేదు.

ఖమ్మం దాటాక వాదన పుట్టింది. ఆ పేరు మార్చెయ్యాలని ఒకాయన. ఎందుకు మార్చాలని ఇంకొకాయన. మామయ్య మధ్యలో దూరి, 2019లో పుల్వామా దాడి తర్వాత బెంగళూరు కొట్లో బోర్డు మీద 'కరాచీ' అన్న మాటకు గుడ్డ కప్పాల్సి వచ్చిందని చెప్పాడు. "కరాచీ నుంచి ప్రాణాలు చేతబట్టుకుని వచ్చినవాళ్ళ కొట్టండీ అది!" అన్నాడు. నిజం చెప్పాలంటే, ఆ రాత్రి మామయ్య చెప్పినవాటిలో నాకు గట్టిగా తగిలింది ఆ ముక్కే. ఇద్దరినీ శాంతపరచడానికి చెరో పెట్టె ఇచ్చాడు. శాంతించారు.

టీటీఈ వచ్చాడు. టికెట్లు పక్కన పెట్టి, "వీళ్ళ ఫ్యాక్టరీ ఎలా ఉంటుంది సార్?" అన్నాడు. పాపం, ఆ ఒక్క ప్రశ్నకి మామయ్య దగ్గర కథ లేదు. పరువు కాపాడుకోవడానికి ఇంకో పెట్టె తీశాడు.

విజయవాడలో అత్తయ్యకు మెలకువ వచ్చి సంచి తడుముకుంది. చేతికి అట్టముక్కలు తగిలాయి. ఆ తర్వాత రాజమండ్రి దాకా మా కూపేలో ఒక్క గొంతే వినిపించింది. అది మామయ్యది కాదు.

తెల్లవారాక అనకాపల్లిలో వియ్యపురాలు ఎదురొచ్చి సంచులన్నీ ఆశగా చూసింది. మామయ్య గొంతు సవరించుకుని, దారిలో జరిగిన అనర్థానికి దేశ విభజన దగ్గర్నుంచి కారణాలు చెప్పాడు. ఆవిడ అంతా ఓపిగ్గా విని, "చరిత్ర బాగుంది అన్నయ్యగారూ. మరి బిస్కెట్లు?" అంది.

సంచి అడుగున ఉస్మానియా బిస్కెట్ల డబ్బా ఒక్కటి మిగిలింది. దాని గురించి ఎవరూ అడగలేదు కాబట్టి బతికిపోయింది. అత్తయ్య దాన్ని తీసి వియ్యపురాలి చేతిలో పెట్టబోతుంటే, వియ్యంకుడు కాఫీ గ్లాసుతో వచ్చి అడిగాడు. "ఉస్మానియా అంటే యూనివర్సిటీవాళ్ళు చేస్తారా బావగారూ?"

మామయ్య కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. అత్తయ్య డబ్బాతో సహా వంటింట్లోకి వెళ్ళి తలుపేసుకుంది.